వెలలేని విద్యుత్తునకు వెల చెల్లించువారెవరు?

ఒక వస్తువు ఉచితమనిన, దానిని వాడుకొనువాడు వెల చెల్లింపడని మాత్రమే అర్థము. ఆ వెల మాయమై పోదు. మరియొకని తలపై పడును. ఆ మరియొకడెవడో విచారించుట ధర్మజిజ్ఞాసలో మొదటి మెట్టు.

2004 మే 14వ తేదీన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారము చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి, వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు నొసగు పత్రముపై తొలి సంతకము చేసిరి. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున సేద్యమునకు 24 గంటల ఉచిత సరఫరా మొదలయ్యెను. కరవులతో అప్పులపాలైన రైతునకు ఇది గొప్ప ఊరట. కాలువ క్రింది రైతునకు ప్రభుత్వము కట్టిన ఆనకట్టనుండి స్వల్పమైన నీటితీరువాకే నీరు పారుచుండగా, మెట్టరైతు తన సొమ్ముతో బోరు వేయించుకొని, విద్యుత్తునకును వెల చెల్లింపవలెననుట న్యాయమా? ఈ ప్రశ్నకు బదులు చెప్పక ఉచితమును నిందించుట తగదు.

అయినను రెండవ ప్రక్కయు చూడవలెను. అనంతపురము, నల్గొండ వంటి ప్రాంతములలో భూగర్భము చాలవరకు గట్టిరాయి. నీరు ఆ రాతి పగుళ్లలోనే నిలుచును. ఆటో స్టార్టరు తగిలించిన మోటారు, కరెంటు రాగానే తానై తిరిగి అక్కరకు మించి తోడినను, రైతునకు అదనపు ఖర్చు లేదు. నీటిమట్టము దిగినపుడు ధనము గలవాడు మరింత లోతునకు వేయించును. లేనివాని బావి యెండును. బోరే లేని పేదరైతునకు ఈ ఉచితమున దక్కునదేమియు లేదు. మన దేశపు విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండియే పుట్టుచున్నది గనుక, దాని పొగయు బూడిదయు విద్యుత్కేంద్రముల చెంతనున్న పల్లెల పాలగును.

ఒకని పనివలన ఇతరులకు కలుగు నష్టము వాని పద్దులో చేరదనియు, పన్నుచే దానిని చేర్పవచ్చుననియు ఆంగ్ల ఆర్థికవేత్త పిగూ 1920 నాటి తన గ్రంథమున వివరించెను. సిద్ధాంతము సత్యమే. కాని పన్నునొక్కదానినే నమ్ముకొనిన, మొదట చేను విడుచువాడు పేదవాడే.

కావున సాయమును మనుష్యునకు ఈయవలెను గాని, మోటారు తిరిగిన గంటలకు కాదు. 2018లో పంజాబు ఆరంభించిన పథకమున, రైతు తన కేటాయింపులో మిగిల్చిన యూనిట్లకు సొమ్ము చెల్లించిరి. అంతకుముందే, ఈ శతాబ్దపు తొలి దశకమున, ఆంధ్రదేశమందలి ఏడు కరవు జిల్లాల రైతులు తమ బావుల నీటిమట్టమును, వానను తామే కొలిచి, పంట వేయుటకు ముందు ఊరివారందరు కూడి నీటి పద్దు వ్రాసికొనిరి. ఏ పంట వేయవలెనో వారిని శాసించినవారు లేరు. భూమిలో ఎంత నీరున్నదో తెలిసిన పిమ్మట పలువురు తమంతట తామే తక్కువ నీటి పంటలకు మరలిరి.

ఉచితమును స్వీకరించుట దోషము కాదు. స్వీకరించినవాడు, మోటారు మీట నొక్కుటకు ముందు, పొరుగువాని బావిలోనికి ఒకమారు తొంగిచూడవలెను.