ఫోన్ పట్టిన చేతికి పంచశీల



మన విహారాల్లో, అంబేద్కర్ భవనాల్లో ఈ మధ్య ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తున్నది. "మత్తు ముట్టనని ఐదో శీలం తీసుకున్నం కదా, రాత్రి ఒంటి గంట దాక ఫోన్ చూసుడు గూడ మత్తే కాదా?" అని తల్లులు అడుగుతున్నరు. పిల్లలు ఊకుంటలేరు. "బాబాసాహెబ్‌ను తిట్టెటోళ్లకు జవాబు చెప్పకుంట ఎట్ల ఉంటం? ఫోన్ బంద్ పెడితే మన మాట ఎవరు వింటరు?" అంటున్నరు. రెండు మాటల్లోనూ న్యాయం ఉన్నది. అందుకే ఏదీ కొట్టిపారేయకుండా ఆలోచిద్దాం.

ముందు ఐదో శీలం సంగతి. అది వద్దన్నది మత్తు పానీయాలను. ఎందుకు వద్దన్నదో కూడా ఆ శీలంలోనే ఉన్నది. అవి 'పమాదానికి', అంటే మనిషి ఎరుక తప్పడానికి, కారణమైతయి కాబట్టి. ఫోన్ సారా కాదు. కానీ చేతిలోకి ఏ వస్తువు వచ్చినా "దీనితోని నా ఎరుక ఉంటున్నదా, పోతున్నదా?" అని అడుక్కోవడం ఆ శీలం మనకు నేర్పే పని.

గొంతు లేనోళ్ల గొంతు

ఫోన్‌ను పాపం అనలేం. బాబాసాహెబ్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక పెట్టారు. 1927లో 'బహిష్కృత భారత్', 1930లో 'జనతా' తెచ్చారు. 1956లో ఆ జనతాకే 'ప్రబుద్ధ భారత్' అని పేరు మార్చారు. పైసలకు ఎప్పుడూ కటకటే అయినా పత్రిక లేని ఉద్యమం రెక్కలు లేని పక్షి అని ఆయన నమ్మారు.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అదే ఏడు అక్టోబర్ 11న మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డయి. కలెక్టరేట్ల కొత్త భవనాలు లేవకముందే వాడవాడకు చౌక నెట్ వచ్చింది. ఇవాళ తొర్రూరులో ఒక డిగ్రీ పిల్ల, భూపాలపల్లిలో ఒక సింగరేణి కార్మికుని కొడుకు తమ మాట తామే లోకానికి చెప్పగలరు. ఇది చిన్న లాభం కాదు.

మనసు ఎక్కడ కాలుతున్నది

బుద్ధుని బోధలో అన్నిటికీ కేంద్రం మనసే అని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో వివరించారు. కంటికి ఒక రూపం తగులుతది. దాని నుంచి వేదన పుడతది, వేదన నుంచి తృష్ణ పుడతది. ఈ వరుసను బుద్ధుడు విప్పి చెప్పింది మనం తృష్ణ దగ్గర ఆగడానికి. ఫోన్ కంపెనీలకు ఆ ఆగుడే నష్టం. 2009లో ఫేస్‌బుక్ 'లైక్' గుర్తు తెచ్చింది. వేలితో ఎంత జరిపినా అడుగు తగలని స్క్రీన్ వచ్చింది. మనం ఎంతసేపు చూస్తే వాళ్లకు అంత ప్రకటనల సొమ్ము.

లాభం-నష్టం, కీర్తి-అపకీర్తి, నింద-ప్రశంస, సుఖం-దుఃఖం అని ఎనిమిది లోకధర్మాలను బుద్ధుడు చెప్పారు. అవి ఎప్పుడూ ఉన్నయి. కాకపోతే వెనకట నింద ఊరి కచేరి కాడ వినపడేది, ఇంటికొచ్చి తలుపేసుకుంటే కొంత ఆగేది. ఇప్పుడు అది దిండు కింద పడుకుంటున్నది.

పొద్దంతా మిర్చి ఏరి వచ్చిన మానుకోట పిల్ల, రాత్రి ఎవరిదో తెల్లటి మొఖం, ఎవరిదో పెద్ద ఇల్లు చూసి తన బతుకును చిన్నగ చేసుకుంటది. ఇది ఆ పిల్ల బలహీనత కాదు. 2021లో బయటపడ్డ ఇన్‌స్టాగ్రామ్ సొంత పరిశీలనలోనే ఒక మాట ఉన్నది. తమ శరీరం గురించి బాధపడే టీనేజీ ఆడపిల్లల్లో 32 శాతం మంది ఆ బాధ ఇన్‌స్టాగ్రామ్‌తోని ఇంకా పెరిగిందన్నరు. రోజుకు 3 గంటలు దాటితే పిల్లల్లో దిగులు, ఆందోళన ముప్పు రెట్టింపని 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి హెచ్చరించారు. అందరికీ ఒక్క తీరుగ నష్టం జరగదు. కానీ నిద్ర పోయినోళ్లకు, ఒంటరిగా ఉన్నోళ్లకు దెబ్బ ఎక్కువ.

మన పిల్లలకు దీనిమీద కులం అనే రెండో దెబ్బ. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని చంపిన్రు. ఆ తర్వాత ఆయన భార్య మీద సోషల్ మీడియాలో కురిసిన బూతులు మనందరికీ తెలుసు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. హత్యకు తీర్పు వచ్చింది. ఆ కామెంట్లకు మాత్రం ఏ తీర్పూ లేదు.

కోపం తప్పా?

తనను తిట్టడానికి వచ్చిన బ్రాహ్మణునితో బుద్ధుడు అన్న మాట మనకు తెలుసు. అతిథి తీసుకోని పదార్థం పెట్టినోని దగ్గరే మిగిలిపోయినట్టు, తీసుకోని తిట్టు తిట్టినోనికే మిగులుతది. అయితే ఈ కథను చూపించి "మీరు నోరు మూసుకోండి" అని మనకు చెప్పెటోళ్లున్నరు. అది ధమ్మం కాదు. తిట్టును మనసులోకి తీసుకోకపోవడం వేరు, అన్యాయాన్ని ఒప్పుకోవడం వేరు.

దీనికి మహాడ్ ఉదాహరణ. 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్లు తాగినందుకు మనోళ్ల మీద దాడి జరిగింది. తిరిగి కొట్టే బలం ఉన్నా బాబాసాహెబ్ తన వాళ్లను ఆపారు. ఊకున్నారా? లేదు. కోర్టులో పదేండ్లు కొట్లాడి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో గెలిచారు. కోపాన్ని కాల్చుకోలేదు, పనిలో పెట్టారు.

రాత్రంతా బూతుకు బూతు రాస్తే పొద్దున మనకు మిగిలేది ఎర్రటి కండ్లు. లాభం కంపెనీది. అదే తిట్టును స్క్రీన్‌షాట్ తీసి, తేదీ రాసుకొని, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేస్తే అది మహాడ్ దారి. ఇంటర్నెట్‌లో చేసిన కుల దూషణకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది.

ఇంకొకటి, చేదుగా ఉన్నా చెప్పుకోవాలె. 2024 ఆగస్టు 1న వర్గీకరణపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి మాల, మాదిగ అన్నదమ్ములు గ్రూపుల్లో ఒకరినొకరు అనుకున్న మాటలు ఏ మనువాదీ మనల్ని అనలేదు. వాదం ఉండొచ్చు, ఉండాలె. కానీ డీపీలో బుద్ధుని బొమ్మ పెట్టుకొని తోటి మనిషి తల్లిని తిడితే మనం తీసుకున్న 22 ప్రతిజ్ఞలు ఎక్కడ పోయినట్టు?

ఆచరణ

1. పంపే ముందు మూడు ప్రశ్నలు: నిజమా? మేలు చేస్తదా? ఇది సమయమేనా? బుద్ధుడు అభయ రాజకుమారునికి చెప్పిన కొలత ఇది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరన్న వాట్సాప్ పుకార్లతో మన తెలంగాణలోనే అమాయకుల ప్రాణాలు పోయినయి. విన్నదల్లా నమ్మొద్దన్న కాలామ సుత్తం మన ఫోన్లకు రాసినట్టే ఉన్నది.

2. పడుకునే ముందు గంట, లేచినంక గంట ఫోన్ వద్దు. ఆ వేళ పది నిమిషాలు శ్వాస మీద ఎరుక. పిల్లలకు చెప్పే ముందు పెద్దలు చేయాలె.

3. పౌర్ణమి ఉపోసథ నాడు పాటించే అష్టశీలాల్లో ఆటపాటల వినోదం మానడం ఉన్నది. ఆ రోజు రీల్స్‌కు సెలవు. వీలైతే జనగామ నుంచి సూర్యాపేట పోయే దిక్కున్న ఫణిగిరి గుట్టకు పిల్లల్ని తోలుకపోండి. దాదాపు 2,000 ఏండ్ల కింద అక్కడ భిక్షువులు ధ్యానం చేసిన చోటు వాళ్లు కండ్లార చూడాలె.

4. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా దాచుకోవద్దు. టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే రాత్రి పగలు తెలుగులో, పైసా ఖర్చు లేకుండా మాట్లాడతరు. వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్యులు ఉన్నరు. ధ్యానం మందుకు బదులు కాదు. రోగంతో పడి ఉన్న భిక్షువును బుద్ధుడు స్వయంగా కడిగి, రోగికి చేసే సేవ తనకు చేసినట్టే అన్నారు. మనసు రోగానికి కూడా ఆ మాట వర్తిస్తది.

తల్లులకు జవాబు: ఫోన్ మత్తు కాదు, ఎరుక తప్పితే మత్తయితది. పిల్లలకు జవాబు: ఊకోవద్దు, కానీ మీ నిద్రను, మీ నోటిని శత్రువు చేతిలో పెట్టొద్దు. తన మనసు తన కాపలాలో ఉన్నోని మాటకే బలం ఎక్కువ.

నమో బుద్ధాయ! జై భీమ్!