"ఏం కాలేదు" అన్న మాట

2014 ఏప్రిల్ 23 రాత్రి, ఎన్నికల ప్రచారం ముగించుకుని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు తిరిగొస్తుండగా శోభా నాగిరెడ్డి ప్రయాణిస్తున్న వాహనం బోల్తా పడింది. రోడ్డు మీద పోసిన ధాన్యం కుప్పను తప్పించబోతే ఇలా జరిగిందనీ, ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదనీ పత్రికలు రాశాయి. మర్నాడు హైదరాబాదులో ఆమె చనిపోయారు. మే నెలలో ఓట్లు లెక్కపెడితే ఆమే గెలిచారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాకు ఆమెతో పాటు మా చిన్నత్త గుర్తొస్తుంది.

అత్తకు తగిలింది వార్తకెక్కని దెబ్బ. ఆళ్లగడ్డలో మామయ్య బండి వెనక ఒక పక్కకు కూర్చుని వస్తూ, గుంతలో బండి ఎగిరితే కిందపడింది. ఎడమ డొక్క రాయికి కొట్టుకుంది. పైకి మోచెయ్యి గీరుకుపోయిందంతే. "ఏం కాలేదులే" అంటూ పసుపు అద్దుకుని వంటింట్లోకి పోయింది. నేను నమ్మాను. కాసేపటికి దాహమంటే చెంబుడు నీళ్లిచ్చాను. ఒళ్లు చల్లబడి, చెమటలు పట్టి, మొహం పాలిపోయాక గానీ నంద్యాలకు పరుగెత్తలేదు. ప్లీహం చిట్లి కడుపులోకి రక్తం కారుతోందన్నారు. ఆపరేషన్ చేసి ప్లీహం తీసేశారు. బతికింది.

కత్తిపోటు లాంటి గాయం కనబడుతుంది. మొద్దు దెబ్బ చర్మం చెక్కుచెదరకుండానే లోపలి అవయవాలను చీల్చగలదు. రక్తం పోతుంటే ముందు నాడి వేగం పెరుగుతుంది, దాహం వేస్తుంది, కంగారు పుడుతుంది. దాదాపు 30 శాతం రక్తం పోయేదాకా బీపీ నిలబడే ఉండొచ్చు. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి నోటికి నీళ్లు కూడా ఇవ్వకూడదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఆడవాళ్ల మాట నమ్మాలని ఇన్నేళ్లుగా రాస్తున్నదాన్ని నేను. అత్త మాట నమ్మడమే నా తప్పయిందా? ఆమె నోటి మాటను కాదని ఆమె ఒంటిని పరీక్షించమనడం ఇంకో రకం పెత్తనం కాదా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

కోలుకున్నాక అడిగాను, "నొప్పని ఎందుకు చెప్పలేదత్తా?" అని.

"చెప్తే పొయ్యికాడ ఎవురు నిలబడతారే? నువ్వు నిలబడేదానివా?" అంది.

అప్పుడర్థమైంది. నేను నమ్మింది ఆమెను కాదు, నాకు వీలుగా ఉన్న మాటను. ఆ రాత్రి వండింది ఆమె, తిన్నది మేం. ఒక మనిషి మాటను గౌరవించడమంటే, ఆ మాట అనడానికి ఆమెకెంత స్వేచ్ఛ ఉందో కూడా చూడడం. ప్రమాద చికిత్సలో డాక్టర్లు "నొప్పెక్కడ?" అన్న ప్రశ్న దగ్గరే ఆగరు, ఎవరొచ్చినా శ్వాస దారి, ఊపిరి, రక్త ప్రసరణ అన్న వరసలో చూసుకుంటూ పోతారు. ఓర్చుకునే వాళ్లను ఓర్పే చంపకుండా కాపాడే పద్ధతి అది. ఇంట్లో మనకు అలాంటి వరస లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు పడినా ముందు గరిటె నేనందుకుంటాను. ఆ తర్వాతే అడుగుతాను, ఎక్కడ తగిలిందని.