దీపమునకు లెక్క

హైదరాబాదు నాంపల్లి రైలుస్టేషను ఎదుట సంధ్యవేళ పూలమ్ముకొను ఒక ముదుసలిని చాలకాలముగా చూచుచున్నాను. తడిగుడ్డ పరచిన గంపలో మల్లెదండలను చుట్టలు చుట్టి పెట్టుకొని, ఆమె ఒక దీపస్తంభము మొదట కూర్చుండును. పైన దీపము వెలిగినంతనే, బేరము సగములో నున్నను సరే, చేతిలోని దండ ఒడిలోనికి జారవిడిచి, రెండు చేతులు జోడించి కన్నుల కద్దుకొనును, పిదప "ఎన్ని మూరలు గావాలె బిడ్డా?" అని విడిచిన మాట అందుకొనును. దీపము పెట్టినపుడు నమస్కరించుట మన యిండ్లలో ఎల్లరు నెరిగిన ఆచారమే. కాని యీ దీపము ఆమె పెట్టినది కాదు, పెట్టినవాడెవడో ఆమె యెరుగదు. స్తంభము విద్యుత్తు పంపిణీ సంస్థది. దీపము నగరపాలక సంస్థది. వెలుగు మాత్రము ఆ దారిన పోవు వారందరిది.

తిలక్ రోడ్డున సారస్వత పరిషత్తులో ఒకనాటి సభ ముగిసి ఆబిడ్స్ వైపు నడచుచుండగా ఈ ముచ్చట ఒక మిత్రునకు చెప్పితిని. నగరమందలి పాత సోడియము దీపములను తీసివేసి ఎల్‌ఈడీ దీపములను పెట్టి కరెంటు ఆదా చేయుటను గూర్చి అప్పుడు మాకు మాటలు సాగుచుండెను. ఆయన నిలిచి, "ఆ ముసలమ్మ నమస్కారమునకును మీ యూనిట్ల లెక్కకును పొత్తెక్కడిది? దేవుని దీపమునకు నేయి లెక్కపెట్టుదుమా?" అని అడిగెను. ఆ ప్రశ్న నన్ను చాల దినములు విడువలేదు. పవిత్రమైనదానిని కొలిచినచో పవిత్రత తరుగునా? పొదుపు ధర్మములో భాగమా, లేక లోభమునకు తొడిగిన మంచి పేరా?

మన పూర్వులు లెక్కపెట్టిరని చెప్పుటకు నాకు శిలలే సాక్ష్యము. ద్రాక్షారామ భీమేశ్వరాలయమున అఖండదీపములకు చేసిన దానములు శాసనములలో మరల మరల కనబడును. దాత దీపమునకై ఒక మందను ఒసగును. ఆ మందను బోయలకు అప్పగింతురు. వారు దినదినమును ఇంత నేయి కొలిచి ఆలయమునకు పోయవలయును. ఎన్ని జీవములు, ఎంత నేయి, పోయవలసిన వారెవరు అను లెక్కను రాతిమీద చెక్కించి, దానికి సూర్యచంద్రులను సాక్షులుగా నిలిపిరి. లెక్క లేని దీపము నాలుగు దినములు ఉజ్జ్వలముగా వెలిగి ఆరిపోవునని వారెరుగుదురు. అఖండమనగా పెద్ద మంట కాదు, తెగని వెలుగు. మా అవ్వ సందెదీపము పెట్టునపుడు వత్తిని వ్రేలితో వెనుకకు లాగి, మంటను కందిగింజంత చేసి, గాలి తగులని గూటిలో నిలుపుట నా కన్నులకు నేటికిని కట్టినట్లున్నది. నూనె పొదుపు చేయుచున్నానని ఆమె ఎన్నడును అనుకొని యుండదు. పొగ రాకూడదు, తెల్లవారుదాక ఉండవలెను, అంతే ఆమె యెంచినది.

ఇక వీథిదీపము లెక్క చూతము. 250 వాట్ల సోడియము దీపము, దాని చోకు తినుదానితో కూడ, రాత్రి పదునొకండు గంటలలో సుమారు మూడు యూనిట్ల విద్యుత్తును హరించును. ఆ పని 110 వాట్ల ఎల్‌ఈడీ దీపము యూనిటుంబావుతో నెరవేర్చును. ఇది కనికట్టు కాదు. సోడియము దీపము నలుదిక్కులకు, ఆకాశమునకును వెలుగు చిమ్మును. పైకి పోయినదానిని అద్దపు డిప్ప కొంత తిరుగగొట్టును, మిగిలినది వ్యర్థమగును. ఎల్‌ఈడీ పుట్టుకతోనే ఒక వైపునకు ముఖము పెట్టినది, ఆ ముఖమును నేలకు వంచుటయే మన పని. నీలికాంతి నిచ్చు ఎల్‌ఈడీని సాధించినందులకు అకసాకి, అమనో, నకమురా అను మువ్వురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. ఆ నీలముపై పసుపు పూత చేర్చుటచే తెల్లని వెలుగు సాధ్యమయ్యెను. అదే సంవత్సరము అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు స్తంభములను నేలగూల్చెను. ఆ చీకటిలోనుండి లేచిన నగరము తన వీథులలో కొత్తగా ఎల్‌ఈడీలనే వెలిగించుకొనెను. ఆ దీపములను పెట్టిన ఈఈఎస్‌ఎల్ అను ప్రభుత్వరంగ సంస్థయే తరువాత హైదరాబాదునందును నాలుగు లక్షలకు పైగా దీపములను మార్చెను. సంస్థ ముందుగా పెట్టుబడి పెట్టును, మిగిలిన కరెంటు సొమ్మునుండి ఏటేట తన బాకీ రాబట్టుకొనును. ఆ సంస్థను నెలకొల్పినవారిలో రామగుండమున బొగ్గు కాల్చు ఎన్‌టీపీసీ ఒకటి యగుట నాకు ఎంతయో హృద్యముగా తోచినది. వండువాడే వడ్డనలో వృథా కారాదని కోరుట వంటిది గదా!

ఒక యూనిటు విద్యుత్తునకు మన కేంద్రములలో సుమారు 600 నుండి 700 గ్రాముల బొగ్గు కాలును. కావున ఒక్క స్తంభముపై ఒక్క రాత్రి మిగులు బొగ్గు కిలోకు పైమాట. ఏటికి నాలుగు క్వింటాళ్లు. ఆ బొగ్గు గోదావరిలోయలో ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వము పెరిగిన అడవి; ఆ అడవి నాటి యెండ త్రాగి బ్రదికినది. భూమి అంతకాలము గర్భమున దాచిన యెండను మనము నాంపల్లిలో ఒక రాత్రికి కరగించుచున్నాము. తిరిగి నింపుట కెవరి తరమును కాని సొత్తును కొలువక వాడుటను నేను ఔదార్యమనజాలను.

బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు యాజ్ఞవల్క్యుని మనుష్యునకు వెలుగేది యని అడుగును. ఋషి మొదట సూర్యుని చూపును. సూర్యు డస్తమించిన చంద్రుని, చంద్రుడును లేనినాడు అగ్నిని, అగ్నియు చల్లారిన వాక్కును, తుదకు ఆత్మను చూపును. పండితులు చివరిమెట్టుపైననే దృష్టి నిలుపుదురు; అది సహజము. నా మనస్సు మాత్రము మూడవ మెట్టువద్ద ఆగినది. ఏలయన అక్కడ ప్రతి వెలుగునకును ఋషి చెప్పిన ప్రయోజన మొక్కటే: దానివలన మనుష్యుడు కూర్చుండును, బయలుదేరును, పని చేసికొనును, తిరిగివచ్చును. వెలుగు ఎంత చాలును అను ప్రశ్నకు ఇంతకంటె చక్కని కొలత నేనెచ్చటను చూడలేదు. బయలుదేరినవాడు క్షేమముగా ఇల్లు చేరవలెను. అర్ధరాత్రి డ్యూటీ దిగి నాంపల్లి వెనుకసందులలో ఒంటరిగా నడచు నర్సు, ఎదుట వచ్చువాని ముఖము పదడుగుల దూరమునుండి గుర్తింపగలిగిన, ఆ వెలుగు చాలినది. ఆమె గుర్తింపలేనిచో ఎంత ఆదా చూపినను అది దొంగలెక్కయే. కరెంటు బిల్లు తగ్గింపనెంచి దీపము విడిచి దీపమును ఆర్పించు పద్ధతిని నేను పొదుపు అనను. అది అటువంటివారి భద్రతను కోసి చేసిన మిగులు. పట్టపగలు పదిగంటలకు వెలుగుచున్న దీపమును చూచినపుడును నా కంతటి బాధయే కలుగును. రెండును ఒకే అపరాధము: ఎవరికి వెలుగుచున్నదో మరచిపోవుట.

మిత్రుని సందేహములో సత్యము లేకపోలేదు. తక్కువతో ఎక్కువ సాధించుట వేరు, తక్కువతో తృప్తిపడుట వేరు. బొగ్గును పొదుపుగా కాల్చు ఆవిరియంత్రములు వచ్చినకొలది ఇంగ్లండులో బొగ్గు వాడుక పెరుగుటను జెవన్సు అను అర్థశాస్త్రవేత్త 1865లోనే చూపెను. చౌకయైన వెలుగు మనలను అట్లే లోబరచుకొనును. ఆబిడ్స్ కూడలినుండి చుట్టు చూడుడు: చెట్లమొదళ్లకు చుట్టిన రంగుదీపముల తీగలు, మూసిన దుకాణములపై తెల్లవార్లు వెలుగు పలకలు. ఏటేట జనవరిలో నుమాయిష్ ప్రదర్శన మైదానము వెలుగులతో మురియుట పండుగ. పండుగ ముగియవలెను గదా. ప్రతిరాత్రి పండుగ చేసికొన్న నగరమునకు నక్షత్రములు కనబడవు. మా బాల్యమున చూపుడువ్రేలితో చూపిన సప్తర్షులను నా మనుమరాలికి నాంపల్లిలో చూపజాలక సిగ్గుపడితిని. అపరిగ్రహమును, అనగా అక్కరకు మించి కూడబెట్టకుండుటను, యమములలో చేర్చిన పతంజలి దానిని వస్తువుల వరకే చెప్పెనని నేననుకొనను. రాత్రిభోజనము వర్జించు జైనులకు దీపమున బడి చచ్చు పురుగు సైతము లెక్కలోని ప్రాణియే. నీలము పాలు హెచ్చైన తెల్లని వెలుగు పసుపు వెలుగుకంటె పురుగులను ఎక్కువగా ఆకర్షించునని తెలిసిన పిదప, దీపము వన్నెను ఎన్నుకొనుట అహింసావిచారమే యగును.

అట్లని పాత పసుపుకాంతిపై నాకు మమకారము లేదు. ఆబిడ్స్‌లో ఆదివారములు కాలిబాటపై పాతపుస్తకములు పరచు అంగళ్లలో, పొద్దు క్రుంకిన తరువాత ఆ కాంతిలో ఎఱ్ఱ అట్టయు గోధుమరంగు అట్టయు ఒకటిగానే కనబడెడివి. ఒక నిఘంటువు రెండవ సంపుటము ననుకొని అదే మొదటి సంపుటమును రెండవమారు కొని యింటికి తెచ్చుకొంటిని. నేడు అదే కాలిబాటపై తెల్లని వెలుగులో వెన్నుమీది అక్షరములు స్పష్టముగా తెలియును. తక్కువ వాట్లలో ఎక్కువ సత్యము కనబడుట నాకు చిన్న విషయము కాదు.

మొన్నటి సాయంకాలము ఆ మిత్రుని వెంటబెట్టుకొని స్టేషను ఎదుటికి పోతిని. దీపము వెలిగెను, ముదుసలి చేతులు జోడించెను, ఈతడును, ఏమనుకొనెనో, జోడించెను. ఆయన రెండు మూరలు అడిగెను. ఆమె మోచేతినుండి నడిమివ్రేలి కొనదాక దండను చాచి, వెలుగునకు ఎత్తిపట్టి, ఒకటి, రెండు అని కొలిచెను. త్రెంపబోవుచు ఆగి, కొసరుగా నాలుగు మొగ్గలు ముందునకు జరిపి, అక్కడ త్రెంపెను.