అనుమానం ఖర్చు ఎవరి పద్దు?

ప్రభుత్వం పేదవాడికి ఇల్లు కట్టుకోవడానికి డబ్బిస్తుంది. ఆ డబ్బు దారి తప్పకూడదని విడతలుగా ఇస్తుంది. బ్యాంకు ఉద్యోగిగా ఈ పద్ధతిని నేను తప్పుపట్టలేను. అయితే న్యాయం అంతటితో తీరిందా?

1985-86లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చింది. మైదాన ప్రాంతాల్లో 1,20,000 రూపాయల సాయం, కనీసం 25 చదరపు మీటర్ల ఇల్లు అని నిర్ణయించారు. సొమ్ము నేరుగా ఖాతాలో పడుతుంది. కట్టిన మేరకు ఫొటో ఎక్కాకే తర్వాతి విడత. దళారీ చేతివాటానికి చోటు తగ్గింది, మంచిదే.

కాని మా గంజాం పల్లెల్లో తాపీమేస్త్రి విడత వచ్చేదాకా ఆగడు. సిమెంటు కొట్టువాడి అరువుకూ హద్దుంది. కాస్త బంగారం ఉన్నవాడు కుదువపెట్టి గోడలు లేపి, ఫొటో చూపి సొమ్ము తీసుకుంటాడు. ఏమీ లేనివాడు వడ్డీకి తెస్తాడు, లేదా మొండిగోడల దగ్గర ఆగిపోతాడు. నిబంధన ఇద్దరికీ ఒకటే. బరువు ఒకటి కాదు. పథకంలో 70,000 రూపాయల దాకా అప్పుకు వీలుంది గాని, సరైన పత్రం లేనివాడికి అప్పు పుట్టడం తేలికా?

మొదటి విడత పెద్దదిగా ఇస్తే తినేసి కూర్చునేవాళ్లుండరా అంటారు. ఉంటారు, కొందరు. బ్యాంకులు మొండిబకాయిలకు ముందుగానే కేటాయింపు చేసుకుంటాయి. నిజాయితీగా కట్టేవాడి ఖాతాలో ఆ నష్టం రాయవు. అనుమానించేవాడే అనుమానం ఖర్చు భరించాలి. ప్రభుత్వం దాన్ని తన పద్దులో రాసుకోవాలి, గూడు లేనివాడి పద్దులో కాదు.