నిమురు చేయి

ధ్యాన భాగము: సామెతలు 12:10, సంఖ్యాకాండము 22:21-33



మన చిత్తూరు, తిరుపతి పల్లెలలో చెనిక్కాయల మూటలు ఇంటిలో నిలువచేయు రైతునకు పిల్లి మంచి తోడు. ఎలుకల బారినుండి ఆ మూటలను కాచునది అదియే. ఎదురు వచ్చినదని కొందరు దానిని తరుముదురు. అది తగదని మనమందరము ఒప్పుకొందుము. అయితే బిడ్డలు ముద్దుగా దానిని పట్టి హత్తుకొనుటలో తప్పుండునా? ఈ మాసము దీనిని ఆలోచింతము.

పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అందురు. పెనుగులాడు పిల్లిని బిడ్డ విడువకున్న యెడల, ఆ సామెతలో ఎలుక స్థానము పిల్లిదే యగును. దేవుడు మనుష్యునికి జీవులపై ఏలుబడి నిచ్చెను గదా, దాని ఇష్టము అడుగనేల అని ఒకరు అనవచ్చును. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగినవాడని సామెతలు 12:10 యొక్క హెబ్రీ మూలము తెలుపుచున్నది. భక్తిహీనుల వాత్సల్యము సహా క్రూరమేయని ఆ వచనమే హెచ్చరించుచున్నది. కాబట్టి ప్రేమ యున్న చాలదు, ఎరుకయు కావలెను.

ఎరుక ఎట్లు కలుగును? పిల్లిని వెంబడింపక, దానికి సమీపముగా నేలపై కూర్చుండవలెను. వ్రేలు మెల్లగా చాపి వాసన చూడనియ్యవలెను. అది తానే తల ఆనించినయెడల చెక్కిళ్లను, గడ్డము క్రిందను, చెవుల నడుమను వెండ్రుకల వాలున నిమురవచ్చును. పొట్టను, తోకను ముట్టకుండుట మేలు. తినునప్పుడును, నిద్రించునప్పుడును, కూనలకు పాలిచ్చునప్పుడును దానిని కదల్పరాదు. ఎత్తవలసి వచ్చినయెడల ఒక చేయి రొమ్ము క్రిందను, ఒక చేయి వెనుక కాళ్ల క్రిందను ఉంచవలెను. కొంచెము నిమిరి చేయి ఆపి చూడుడి. మరల దగ్గరకు వచ్చినయెడల దానికి ఇష్టమే. లేచిపోయినయెడల పోనియ్యుడి.

బిలాము గాడిద మొదట పొలములోనికి తిరిగెను, పిమ్మట గోడకు ఒత్తుకొనెను, కడపట క్రింద కూలబడెను. మూడు మారులును అతడు దానిని కొట్టెనే గాని, కారణము విచారింపలేదు. పిల్లియు ముందుగా తెలియజేయును: తోకను విసరును, చెవులను వెనుకకు వంచును, గుర్రుమనును. అప్పటికిని చేయి ఆగనియెడల గోరు బయటికి వచ్చును. తప్పు పిల్లిది కాదు.

ఇచ్చట ప్రాణముల విషయము కలదు. పిల్లి కోరలు సన్ననివి గనుక గాయము చిన్నదిగా కనబడినను లోతుగా దిగును. రేబిస్ వ్యాధి కుక్కవలననే గాక పిల్లివలనను రాగలదు. ఆ వ్యాధి లక్షణములు బయలుపడిన పిమ్మట బ్రదుకుట బహు అరుదు. కరచినను, రక్కినను, వెంటనే సబ్బుతో పారు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రభుత్వ వైద్యశాలకు పోయి టీకా విషయము విచారింపవలెను. కారపుపొడి, సున్నము పూయరాదు. దెబ్బలకు భయపడి బిడ్డ గాయమును దాచకుండునట్లు తల్లిదండ్రులు మృదువుగా అడుగవలెను. పిల్లికిని పశువుల ఆసుపత్రిలో ఈ టీకా వేయించవచ్చును. తిరుపతిలో 1955లో పశువైద్య కళాశాల స్థాపింపబడినది. జంతుహింస నివారణ చట్టము 1960లో వచ్చినది. అయినను చట్టము కొట్టు చేతిని ఆపగలదే గాని, నిమురు చేతికి ఎరుక నేర్పలేదు. అది ఇంటిలో నేర్పవలసినది.

నోరులేని జీవము చాలునన్నప్పుడు చేయి తీసికొనుట నేర్చిన బిడ్డ, రేపు తనకంటె బలహీనుడైన తమ్ముని యెడలను, మంచమున నున్న అవ్వ యెడలను అట్లే మెలగును. బలమున్న చేయి తనంతట తాను ఆగుటయే సాత్వికము. మన యిండ్లలో బిడ్డలకు ఈ పాఠము పిల్లితోనే మొదలిడుదము.