మూసిన తలుపు – కాపరి ధర్మము

తలుపు మూయుట తప్పా, ఒప్పా యని యడిగినచో మనవారిలో పెక్కుమంది తప్పనియే చెప్పుదురు. ఇంటికి వచ్చినవానికి తలుపు తెఱచుట పెద్దలు మనకు నేర్పిన మర్యాద. మూసినవానిని గర్వియనియో లోభియనియో నిందించుట మన యలవాటు. అయినను కొన్ని తలుపులు మూసియుండుటయే ధర్మమనియు, వానిని స్నేహముచేత గాని గౌరవముచేత గాని తెఱచుట యధర్మమనియు మేము గడచిన వేసవిలో నేర్చుకొంటిమి. ఈ పాఠము మాకు చెప్పినవాడు మా శిష్యుడు. శిష్యుని వలన నేర్చుకొనుట గురువునకు సిగ్గు కాదు. నేర్చుకొన్నదానిని దాచుటయే సిగ్గు. కాబట్టి జరిగినది జరిగినట్లు చదువరుల యెదుట నుంచుచున్నాము.

మాకడ సెలవులు గడపి తల్లియొద్దకు మరలుచున్న తొమ్మిదేండ్ల మేనల్లుని వెంటబెట్టుకొని, మేము నూజివీటినుండి హనుమాన్ జంక్షను మీదుగా గన్నవరము చేరి, అచ్చట హైదరాబాదునకు పోవు విమానము నెక్కితిమి. చెల్లెలికని కొనిన చిన్నరసాల పెట్టెను సామానుతో నప్పగించియుంటిమి. విమానపు వాకిట తెల్లని దుస్తులతో నిలిచియున్న యువకుడు మమ్ము చూచి, “నమస్కారమండీ మాస్టారూ, నన్ను గుర్తుపట్టారా?” అనెను. గుర్తింపకేమి? ఎనిమిదవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు అతడు మాకడ చదివినవాడే. అతని తండ్రి మామిడితోటలు గుత్తకు పుచ్చుకొను రైతు. కాయ కాపునకు వచ్చిన దినములలో ఈ పిల్లవాడు తండ్రితోకూడ తోటలోని పాకలో పరుండి, తెల్లవాఱగనే శబ్దమంజరి చేతబట్టుకొని బడికి వచ్చుచుండెను. నేడతడు ఆ విమానమునకు ఉపచోదకుడు.

మేనల్లుడు మా చేయి లాగెను. వాని కోరిక యేదో మాకు తెలియును. ఇంటికడ బయలుదేఱినది మొదలు విమానమును నడపువారిని చూడవలెనని వాడు మమ్ము వేధించుచునే యున్నాడు. మేము చనువుకొలది, “నాయనా, విమానం పైకి లేచిన తరువాత వీడిని ఒక్క నిమిషం లోపలికి పిలిచి చూపించు” అంటిమి. అతని చిఱునవ్వు తగ్గెను. “క్షమించండి మాస్టారూ. గాలిలో ఉండగా చూడడానికి వచ్చేవారికి ఆ తలుపు తెరవము. మీరు అడిగినా తెరవకూడదు” అని మెల్లగా, స్పష్టముగా చెప్పి లోనికి పోయెను. తలుపు మూతపడినది. మేము కూర్చుంటిమి గాని మనస్సు కుదుటపడలేదు. వీనికి చదువు చెప్పినవారము మేము. మా మాటకు ఒక్క నిమిషమంత విలువయైన లేకపోయెనా యని లోలోన గొణుగుకొంటిమి.

ఆ కోపము చల్లాఱుటకు మాకు తెలిసిన చరిత్రనే మరల తలచుకొనవలసి వచ్చెను. ఆ తలుపు ఎల్లకాలము నిట్లు బిగించియుండలేదు. ఇరువదియవ శతాబ్దము ముగియు వఱకు ఐరోపా, ఆసియా ఖండముల విమానములలో పెక్కింట చోదకులు పిల్లలను లోనికి పిలిచి, తమ యెదుటి యంత్రములను, వానికావల కనబడు మేఘములను చూపుచుండిరి. ఆ మర్యాదకు ముప్పు క్రమముగా వచ్చెను. 1999 డిసెంబరు 24న కాఠ్మండునుండి ఢిల్లీకి వచ్చుచున్న ఐ.సి. 814 విమానమును దుండగులు వశపఱచుకొని, అమృతసరము, లాహోరు, దుబాయి మీదుగా కాందహారునకు నడిపించిరి. ఒక ప్రయాణికుని చంపిరి. డిసెంబరు 31న మన ప్రభుత్వము ముగ్గురు ఖైదీలను విడిచిపెట్టిన పిమ్మటగాని అందలి బందీల చెఱ విడలేదు. 2000 డిసెంబరు 29న లండనునుండి నైరోబీకి పోవు విమానములో మతి చెడిన ప్రయాణికు డొకడు చోదకుల గదిలో జొరబడి చుక్కానిపై బడగా, దాదాపు 400 మందితో ఆ విమానము తలక్రిందులై కూలబోయి దైవికముగా నిలిచెను. 2001 సెప్టెంబరు 11న 19 మంది అమెరికాలో నాలుగు విమానములను చేజిక్కించుకొని దాదాపు 3,000 మందిని పొట్టబెట్టుకొనిరి.

ఆనాటినుండి ఆ తలుపు స్వరూపమే మాఱినది. అరువదికి మించి ప్రయాణికులు పట్టు విమానములలో తుపాకిగుండునకును బలాత్కారమునకును లొంగని తలుపుండవలెనని 2003 నవంబరు 1 నుండి అంతర్జాతీయ నియమ మేర్పడెను. పరిచారిక బయటనుండి అంకెల మీటలు నొక్కి లోనివారికి తన రాక తెలుపును. వచ్చినదెవరో చూచి, తెఱచుటకో మానుటకో నిర్ణయించువారు లోని చోదకులు.

ఇట్టి తలుపు మంచివానిని కూడ దొంగగా నెంచుచున్నది గదా యని యొక యాక్షేపణ కలదు. 2025 సెప్టెంబరు 22న బెంగుళూరునుండి కాశికి పోవు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానములో ప్రయాణికు డొకడు ఆ తలుపుకడకు పోగా, చోదకులు తెఱవలేదు. విమానము దిగిన తరువాత అతనిని, అతని తోడివారిని రక్షకభటులు నిలిపి విచారించిరి. మఱుగుదొడ్డిని వెదకుచు అతడటు పోయెనని విమానసంస్థ ప్రకటించెను. ఇందు అవమానము లేదని మేము చెప్పము. కాని లోనివారికి ఎదుటివాని మనస్సు చదువు శక్తి లేదు. అమాయకుని వ్రేలును ఘాతకుని వ్రేలును ఆ మీటలను ఒకేరీతిని నొక్కును. మూసిన తలుపు ఎవనిని అపరాధియని తీర్పు చెప్పుట లేదు. తీర్పు చెప్పుటకు తనకు శక్తి చాలదని మాత్రమే యొప్పుకొనుచున్నది.

అపరిచితుని విషయము సరే. ఎఱిగినవాని మాట యేమి? గురువును, కన్నబిడ్డను కూడ శంకింపవలెనా? మా కోపమున కసలు మూలమిదియే. దీనికి సమాధానము 1994 మార్చి 23న సైబీరియాలో దొరకినది. మాస్కోనుండి హాంగుకాంగునకు పోవు రష్యా విమానములో చోదకుడొకడు తన కుమార్తెను, కుమారుని లోనికి పిలిచి, వంతులవారీగా తన యాసనమున కూర్చుండబెట్టెను. కుమారుడు చుక్కానిని కొంతసేపు బలముగా పట్టియుండుటచేత, స్వయముగా విమానమును నడపు యంత్రములో ఱెక్కల వాలును చూచుకొను భాగము విడివడెను. ఆ సంగతి తెలుపు చిన్నదీపము వెలిగినను ఎవరును గమనింపరైరి. విమానము నేల గూలి 75 మందియు మరణించిరి. అచ్చట శత్రువు లేడు, దొంగ లేడు, పిచ్చివాడు లేడు. ఉన్నది తండ్రి ప్రేమ. ఆ ప్రేమను మేము నిందింపము. కాని అది చెల్లించిన వెల ఆ తండ్రిది కాదు, వెనుక నిదురించుచున్నవారిది.

మన దేశమునను ఇట్టి చనువు లేకపోలేదు. 2023 ఫిబ్రవరి 27న దుబాయినుండి ఢిల్లీకి వచ్చు ఎయిర్ ఇండియా విమానములో చోదకు డొకడు తన స్నేహితురాలిని లోనికి రానిచ్చెను. విమాన మెట్టి హానియు లేక దిగెను. అయినను పౌరవిమానయాన నియంత్రణ సంస్థ ఆ మే నెలలో అతని అనుజ్ఞాపత్రమును మూడు నెలలు నిలిపివైచి, విమానసంస్థకు 30 లక్షల రూపాయలు జరిమానా విధించెను. హాని జరుగనప్పుడు దండన యేలయని యడుగువారికి మా నూజివీటి తోటలే జవాబు చెప్పగలవు.

మా ప్రాంతమున తోటను పూతమీదనే గుత్తకిచ్చుట కలదు. తోట తనదైనంతకాలము ఆసామి దారిని పోవువానిని పిలిచి పెద్దరసము చేతిలో పెట్టినను, బుట్టెడు బంగినపల్లి కాయలు పంచిపెట్టినను అది యౌదార్యము. ఊరంతయు మెచ్చుకొనును. అదే పని జీతము పుచ్చుకొను కాపరి చేసినచో? తన బావమఱదికని నాలుగు కాయలే కోసియిచ్చెననుకొందము. నాలుగు కాయలకు తోట మునిగిపోదు. అయినను దానిని ఔదార్యమని యెవ్వరును అనరు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లని నవ్వుదురు. కాయల లెక్కలో భేదము లేదు. హక్కులో భేదము కలదు. ఇచ్చుట స్వామి ధర్మము, కాచుట కాపరి ధర్మము. చోదకుడు విమానమునకు స్వామి కాడు. అందలి ప్రాణములకు కాపరి. మేము అడిగిన నిమిషము అతనిది కాదు. వెనుక కూర్చున్నవారిలో ప్రతివానిది. వారినెవ్వరిని మేము అడుగలేదు. తనది కానిదానిని త్యాగము చేయుటకన్న సులభమైన త్యాగము లేదు.

అయినచో తలుపు గట్టిగా మూసినంతనే క్షేమము కలుగునా? కలుగదు. 2015 మార్చి 24న బార్సిలోనానుండి జర్మనీకి పోవు జర్మన్‌వింగ్స్ విమానములో, పెద్ద చోదకుడు బయటికి పోయిన సమయమున ఉపచోదకుడు తలుపు బిగించి, విమానమును బుద్ధిపూర్వకముగా ఆల్ప్సు కొండలకు కొట్టెను. దుండగులను ఆపుటకు చేసిన తలుపే రక్షింపవచ్చినవానిని ఆపెను. 150 మంది మరణించిరి. గదిలో ఎల్లప్పుడు ఇద్దఱుండవలెనని ఐరోపా రక్షణసంస్థ మూడు దినములకే సలహా యిచ్చి, మఱుసటి యేడు దానిని సడలించెను. ఏ నియమమును మనుష్యుని స్థానమును పూర్తిగా నాక్రమింపజాలదు. తలుపు ఎంత దృఢమో లోనివాని శీలమంత దృఢము కావలెను. అతని మనోవ్యథను కనిపెట్టి ఆదుకొను తోడివారు కావలెను. ఈ దుర్ఘటన తలుపు వలదని చెప్పుట లేదు. ఎవ్వరును చూడలేని చోట కూర్చున్నవాడు అందఱికన్న ఎక్కువగా తన్ను తాను కాచుకొనవలెనని చెప్పుచున్నది.

ఇంతవఱకు తలచుకొనుసరికి మాకు విమానపు తలుపు కనబడుట మానినది. మఱియొక తలుపు కనబడ మొదలిడినది. నాలుగేండ్ల క్రిందట మేమొక పాఠశాలలో పరీక్షాకేంద్రపు బాధ్యత వహించియుంటిమి. వేళ మించిన పిమ్మట ఎవ్వరిని లోనికి రానీయరాదని నియమము. మొదటినాడు మే మెఱిగిన గృహస్థుని కుమారుడు పావుగంట ఆలస్యముగా వచ్చెను. తండ్రి కారు దిగి మాకు నమస్కరించెను. పాపము, పిల్లవాని యేడు చెడునే యని జాలిపడి లోనికి పంపితిమి. మూడవనాడు, కాయలు కోయు కూలివాని కుమార్తె, ఎక్కవలసిన బస్సు రాకపోగా రెండు మైళ్లు నడచి, అంతే యాలస్యముగా వచ్చినది. ఆనాడు తనిఖీ చేయు అధికారి లోన నుండెను. మేము నియమము చూపి ఆమెను త్రిప్పి పంపితిమి. ఆమె యేడువలేదు, “సరేనండీ” అని పోయెను. మరల బడికి రాలేదు.

చాలకాలము మేము మొదటిదానిని దయ యనియు, రెండవదానిని నియమపాలన మనియు సమాధానపఱచుకొంటిమి. మా శిష్యుడు మూసిన తలుపునకెదురుగా కూర్చుండి యోచింపగా ఆ రెండు పేర్లును నిలువలేదు. మొదటి తలుపు తెఱచినప్పుడే రెండవ తలుపు మూయు హక్కు మాకు పోయెను. నియమము కఠినమైనచో అందఱికిని కఠినము కావలెను. సడలించుటయే న్యాయమైనచో బాహాటముగా, అందఱికిని సడలింపవలెను. కారు దిగినవానికి సడలి, కాలినడకను వచ్చినదానికి బిగియు నియమము నియమమే కాదు. మన దేశమున కచ్చేరీలలో, ఆసుపత్రులలో, దేవాలయములలో సైతము జరుగుచున్నదిదియే. వరుసలో నిలువబడిన నూఱుమందిని దాటించి మనవానిని లోనికి పంపుదుము; దానికి మంచితనమని పేరు పెట్టుదుము. ఆ మంచితనపు వెల వరుసలో నున్నవారు చెల్లింతురు.

విమానము హైదరాబాదున దిగి, యంత్రములాగి, ప్రయాణికులందఱును దిగిన తరువాత పరిచారిక మమ్ము కొంచెమాగుమనెను. పెద్ద చోదకుని యనుమతితో మా శిష్యుడు ఆ తలుపు తానే తెఱచి, మేనల్లుని లోనికి పిలిచెను. వాడు కన్నులార చూచి, “అప్పుడు తెరవలేదు, ఇప్పుడెందుకు తెరిచారు?” అని యడిగెను. అతడు నవ్వి, “ఇప్పుడు నా చేతిలో ఎవరి ప్రాణాలూ లేవు బాబూ” అనెను. మేము మాట్లాడలేకపోతిమి. తోటలో తండ్రిప్రక్కన పరుండిన రాత్రులలో కాపరితన మెట్టిదో ఆ పిల్లవాడు నేర్చుకొన్నట్లున్నాడు. బడిలో మేమది చెప్పిన గుర్తు లేదు.

ఆ బాలిక యూరు మాకు తెలియును. బడులు తెఱచులోపల ఆమె యింటికి పోయి, చేసిన తప్పు చెప్పుకొని, మరల పరీక్షకు కూర్చుండ దలచినచో కావలసిన సాయము చేయుదుమని చెప్పుటకు నిశ్చయించితిమి. అప్పుడు మాకెదుట నుండు తలుపు ఆమెది. దానికి ఆమె కాపరి కాదు, స్వామిని. తెఱచుటయు, మూయుటయు ఆమె యిష్టము.