పునాది బీటలు, జీర్ణోద్ధారం

ఇంటి పునాది బీట వారితే మేస్త్రీ కంటే ముందు సిద్ధాంతిని పిలిపించే ఇళ్ళు పశ్చిమ ప్రకాశంలో ఇప్పటికీ ఉన్నాయి. సిద్ధాంతిని అడిగేవి సాధారణంగా రెండు ప్రశ్నలు. ఈ బీట ఏ దోషం వల్ల వచ్చింది? బాగు చేయించాక మళ్ళీ గృహప్రవేశం చేసుకోవాలా, అక్కర్లేదా? మొదటిది కార్యకారణాలకు సంబంధించింది. రెండోది, భాగాలు మారిపోతున్న వస్తువు ఎంతవరకు అదే వస్తువు అన్న తత్త్వచర్చకు చెందింది. సిద్ధాంతి పంచాంగం తిరగేసి రెండు ముక్కల్లో చెప్పే జవాబు వెనక తార్కికులు, బౌద్ధులు, మీమాంసకులు శతాబ్దాల పాటు చేసుకున్న వాదం ఉంది.

ముందు నేల సంగతి. పశ్చిమ ప్రకాశంలోని పెద్దదోర్నాలనే తీసుకుంటే, అది నల్లమల అంచున, మార్కాపురం, ఆత్మకూరు, శ్రీశైలం దారులు కలిసే చోట ఉంది. ఈ ప్రాంతమంతా పలకరాయి పొరల మీద నిలిచిన నేల. మార్కాపురం పలకలు వచ్చింది ఆ పొరల నుంచే. గట్టు మీద రాయి, గరుసు పైకే తగులుతాయి. పల్లాల్లో మాత్రం నల్లరేగడి ఉంటుంది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. వరసగా రెండు మూడేళ్ళు కరువు వచ్చి, ఆ తర్వాత ఒక్కసారి గట్టివాన పడే ఈ సీమలో ఆ ఉబ్బూ కుంచింపూ మరీ ఎక్కువ. పైగా ఇంటి కింద నేల అంతటా ఒకే తీరుగా కదలదు. ఒక మూల వేపచెట్టు వేళ్ళు తేమ పీల్చేస్తాయి. ఇంకో మూల స్నానాలగది నీళ్ళు పునాదిలోకి ఇంకుతూ ఉంటాయి. ఒక పక్క దిగి ఒక పక్క లేచిన గోడ, కిటికీ మూల నుంచి ఏటవాలుగా చీలుతుంది. ఎండాకాలంలో వెడల్పయి వానలకు కాస్త మూసుకునే బీట అయితే అది నేల కదలికేనని అనుభవమున్న మేస్త్రీ చూడగానే చెబుతాడు.

ఊళ్ళో వినిపించే కారణాలు వేరు. వాస్తుదోషమనీ, ఇంటి కింద పుట్ట ఉందనీ, శల్యదోషమనీ అంటారు. శల్యమంటే ఆ చోట ఎప్పుడో పూడ్చిన ఎముక, బొగ్గు, ఊక వంటివి. ఈ మాటలకు పురాణం ఆధారం లేకపోలేదు. అంధకాసురుడితో పోరులో శివుడి చెమట నేల మీద పడి ఒక భూతం పుట్టిందనీ, దేవతలు దాన్ని బోర్లా తొక్కిపట్టి ఒక్కొక్కరు ఒక్కో అంగం మీద కూర్చున్నారనీ మత్స్యపురాణం చెబుతుంది. ఆ భూతమే వాస్తుపురుషుడు. ఇల్లు కట్టేవాళ్ళు బలి ఇవ్వాలన్న వరం అతనికి అప్పుడే దక్కింది. ఈ కథ ప్రకారం ఇంటి కింది నేల జడం కాదు, అదిమిపెట్టిన ప్రాణి. కదలిక దాని స్వభావం, దాన్ని అణచి ఉంచడం కట్టడం పని. రేగడినేల మీద బతికే రైతుకు ఈ కథ వింతగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయితే వాస్తుశాస్త్రం కథతోనే ఆగలేదు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో నేల పరీక్షలు చెప్పాడు. మూర లోతు గుంట తవ్వి, తీసిన మన్ను తిరిగి అందులోనే పోయాలి. మన్ను మిగిలితే ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమం. మరో పరీక్షలో గుంట నిండా నీళ్ళు పోసి, వంద అడుగులు వెళ్ళి వచ్చి, ఎంత నీరు నిలిచిందో చూడాలి. బరువు మోయగల నేలనూ, నీరు ఇంకిపోయే గుల్లనేలనూ గుర్తు పట్టడానికి ఇవి మంచి ఉపాయాలే. రేగడి దగ్గర మాత్రం బోల్తా కొడతాయి. గడ్డలుగా లేచిన రేగడి మన్ను గుంటలో పట్టక మిగులుతుంది, తడి రేగడి నీటిని నిలుపుకుంటుంది. పరీక్ష ఉత్తమమని తేల్చిన ఆ నేలే ఇంజనీరుకు అన్నిటికంటే అనుమానాస్పదం. శాస్త్రం చెప్పిన దిక్కులను అక్షరాలా పాటించి కట్టిన ఇల్లు కూడా బీట వారడానికి ఇదొక కారణం. శాస్త్రంలో పరీక్ష ఉన్నది నేలను అడగమని. అడగడం మానేసి జవాబును మాత్రం కంఠస్థం చేసినవాళ్ళు దిక్కుల పట్టిక దగ్గర ఆగిపోయారు.

ఇక దోషం మాట. కర్మఫలం వల్ల, అంటే అదృష్టం వల్ల, గోడ పగిలిందంటే తార్కికుల న్యాయశాస్త్రం కాదనదు. కానీ ఆ జవాబుతో సరిపెట్టుకోనివ్వదు. ఈశ్వరుడు, కాలం, దిక్కు, అదృష్టం అన్నవి తార్కికుల లెక్కలో ప్రతి కార్యానికీ ఉండే సాధారణ కారణాలు. కుండ పుట్టడానికీ అవే, పగలడానికీ అవే. అన్నిటికీ సమానమైనది ఈ గోడ ఈ మూలనే ఎందుకు చీలిందో చెప్పలేదు. దానికి అసాధారణ కారణం వెతకాలి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంతో చదువు మొదలుపెట్టిన విద్యార్థి తొలినాళ్ళలోనే ఈ భేదం నేర్చుకుంటాడు. మీమాంసకులు మరింత కరాఖండీగా ఉంటారు. కంటికి కనిపించే ప్రయోజనం, కారణం చెప్పగలిగిన చోట కనిపించనిదాన్ని ఊహించడం వారి దృష్టిలో తప్పు. వేదవిధులను సమర్థించడానికే పుట్టిన శాస్త్రం ఈ నియమం పెట్టుకుందన్నది గమనించాలి. స్నానాలగది నీళ్ళు పునాదిలోకి పోతున్నంత కాలం శల్యదోషం గురించి మాట్లాడే అధికారం, శాస్త్రం ప్రకారమే, ఎవరికీ లేదు.

ఇంటి యజమాని బాధ మాత్రం ఇంతటితో తీరదు. అదే నేల మీద పక్కిల్లు నిలిచింది, తన ఇల్లే ఎందుకు పగలాలి? చాలాసార్లు ఈ ప్రశ్నకూ కంటికి కనిపించే జవాబు ఉంటుంది. పక్కింటివాళ్ళు గట్టి తగిలేదాకా తవ్వి ఉంటారు, లేదా చుట్టూ నీరు నిలవకుండా వాలుగా బండలు పరిచి ఉంటారు. ఆ తర్వాత కూడా మిగిలే భయానికి శాంతికర్మ ఉంది. శాంతి మనిషికి చేసేది. గోడకు దానితో నిమిత్తం లేదు.

ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలకు పునాది అనగానే మత్తయి సువార్త 7వ అధ్యాయంలోని ఉపమానం గుర్తొస్తుంది: బండ మీద కట్టిన ఇల్లు నిలిచింది, ఇసుక మీద కట్టినది కూలింది. లూకా చెప్పిన రూపంలో బుద్ధిమంతుడు లోతుగా తవ్వి బండను చేరుకుంటాడు. మత్తయిలో ఆ తవ్వకం లేదు. కాకతీయుల స్థపతులేమో ఆలయాల పునాదుల్లో ఇసుకనే నింపారు. 1213 నాటి శాసనమున్న పాలంపేట రామప్పగుడి అందుకు పేరుపడింది. ఇందులో వైరుధ్యం లేదు. ఉపమానంలోది వరదకు కొట్టుకుపోయే ఇసుక. గుడి కిందిది నాలుగు వైపులా కట్టుదిట్టం చేసిన ఇసుక. నీటికి ఉబ్బదు, బరువును సమంగా పంచుతుంది. రేగడిలో ఇల్లు కట్టేవాళ్ళు నల్లమట్టి తీసేసి ఇసుక, గరుసు నింపడం కూడా ఇందుకే.

రెండో ప్రశ్న మరింత చిక్కుది. పునాది రాళ్ళు మార్చాక అది పాత ఇల్లేనా? నైయాయికుల, అంటే తార్కికుల, ప్రకారం ఇల్లు తన రాళ్ళ కంటే వేరైన ఒక అవయవి, భాగాలతో ఏర్పడిన పూర్ణవస్తువు. అవయవం ఒకటి విడిపోతే పాత అవయవి నశించి కొత్తది పుడుతుంది. అంచు చిరిగిన బట్ట వారికి కొత్త బట్టే. అదే ఇల్లని గుర్తుపట్టడం పోలిక వల్ల కలిగే భ్రమ. బౌద్ధులు అవయవినే ఒప్పుకోరు. మిలిందపన్హలో నాగసేనుడు రథాన్ని విడదీసి చూపించినట్టు, రాయీ మట్టీ దూలమూ ఉన్నాయి, ఇల్లన్నది వ్యవహారం కోసం పెట్టుకున్న పేరు. ఈ వాదాన్ని కొసదాకా తీసుకుపోయిన నాగార్జునుడికి సంప్రదాయం ముడిపెట్టే శ్రీపర్వతం దోర్నాలకు దూరం కాదు. ఆ పరిసరాల్లోనే, ఇక్ష్వాకుల విజయపురి ఉన్న నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, బయటపడ్డ కట్టడాల్లో ముఖ్యమైన వాటిని నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందే కొండపైకీ అనుపుకూ తరలించి నిలబెట్టారు. నేలా పునాదీ రెండూ మారాయి. అయినా అవి విజయపురి కట్టడాలేనని చూడవచ్చినవాళ్ళందరూ అంటారు. ఆ మాట పేరు వల్ల నిలిచిందా, వస్తువు వల్లా అంటే బౌద్ధుడికి తడుముకోవలసిన పని లేదు.

ఆగమాలు ఈ వాదంలోకి దిగకుండా పని నడిపే మార్గం కనిపెట్టాయి. గుడి శిథిలమైతే కళాకర్షణ చేసి దేవతాశక్తిని కలశంలోకి దింపి, బాలాలయమనే తాత్కాలిక గుడిలో నిలిపి అక్కడే పూజ సాగిస్తారు. ఆ తర్వాత మిగిలింది రాయి, సున్నం, విప్పవచ్చు, మార్చవచ్చు. పని ముగిశాక శక్తిని వెనక్కి తెచ్చి కుంభాభిషేకం చేస్తారు. అంటే గుడి అదేనా అన్నదాన్ని తేల్చేది రాయి కాదు, అందులో ఉండే దేవత. అగ్నిపురాణంలో జీర్ణోద్ధారానికి విడి అధ్యాయాలున్నాయి. ఋషులు ప్రతిష్ఠించిన లింగం పాతబడినా కదపకూడదని అక్కడ మినహాయింపూ ఉంది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం బీటలు వారి, 2010 మే 26 రాత్రి కూలిపోయింది. దాని చోట నిలిచిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. ఒక్క పాత రాయీ అవసరం లేకుండానే జనం దాన్ని రాజగోపురమన్నారు.

శ్రీశైలంలో బలంగా వేళ్ళూనిన వీరశైవం నుంచి దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. స్థావరమంతా, అంటే కదలకుండా నిలిపినదంతా, చెడిపోయేదే, నిలిచేది కదిలే జంగమమే అయినప్పుడు రాళ్ళకు ఇంత సేవ ఎందుకు? ఆ వీరశైవులే శ్రీశైలంలో రాతిమఠాలు కట్టుకున్నారు. వాటిలో ఒకటైన ఘంటామఠం జీర్ణోద్ధరణ పనుల్లో రాగిశాసనాలు, పాత నాణేలు బయటపడ్డాయి. జంగముడు కూడా వానకాలం నాలుగు నెలలు ఎక్కడో తలదాచుకోవాలి.

మామూలు ఇంటికి కళాకర్షణ లేదు. ఇంట్లో ఉండేవాళ్ళను కలశంలోకి దించలేరు. పని జరుగుతుండగానే పొయ్యి వెలగాలి, పిల్లలు బడికి పోవాలి. అందుకే జ్యోతిషం ఇంటికి వేరే జవాబు చెప్పింది. గృహప్రవేశం మూడు రకాలు. కొత్తింటికి అపూర్వం, దూరప్రయాణం నుంచి తిరిగి వచ్చినప్పుడు సపూర్వం, నిప్పువల్లనో నీటివల్లనో చెడి బాగు చేసుకున్న ఇంటికి ద్వంద్వం. మూడో రకం ఉండటమే తార్కికుడికీ బౌద్ధుడికీ ఇచ్చిన సమాధానం: బాగు చేసిన ఇల్లు కొత్తదీ కాదు, ఉత్త పాతదీ కాదు, దాని లెక్క దానిది. 1600లో కాశీలో రామదైవజ్ఞుడు రచించిన ముహూర్తచింతామణి ఇలాంటి జీర్ణగృహానికి నియమాలు సడలించింది. శ్రావణ, కార్తీక, మార్గశిర మాసాల్లోనూ ప్రవేశించవచ్చు. గురుశుక్రుల మూఢం చూడనక్కర్లేదు. మూఢమంటే హడలిపోయే ఇళ్ళలో ఈ సడలింపు తెలిసినవాళ్ళు తక్కువ.

మరమ్మతు చేసే పద్ధతికి కూడా ఈ మధ్యేమార్గం సరిపోతుంది. ముందు నీటి దారి మళ్ళిస్తారు. బీట మీద అడ్డంగా అద్దం ముక్క అతికించి, అది చిట్లుతుందా లేదా అని కొన్ని నెలలు చూస్తారు. చిట్లితే బీట ఇంకా బతికి ఉందన్నమాట. అప్పుడు పునాది కింద గజం, గజంన్నర మేర మాత్రమే తవ్వి, గట్టినేల దాకా దిగి కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడ్డాక ఆ పక్క ముక్క వదిలి తర్వాతి ముక్క తవ్వుతారు. గోడ మొత్తం ఏ క్షణంలోనూ గాలిలో ఉండదు, ఇంట్లో దీపం ఆరదు. నైయాయికుడి లెక్కలో ఒక్కొక్క ముక్కకూ ఒక్కో కొత్త ఇల్లు పుడుతూ ఉంటుంది. లోపల ఉన్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు. బీటలో సిమెంటు కూరి సున్నం పూసేయడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే వృథా. కదులుతున్న నేల మీద అది మరుసటి వేసవికే మళ్ళీ విచ్చుతుంది.

ముహూర్తం విషయంలో శాస్త్రానికీ నేలకూ కొద్దిపాటి తేడా ఉంది. శ్రావణం ఒప్పుకున్న మాసమే, కానీ అప్పటికి వానలు సగంలో ఉంటాయి. రేగడి ఇంకా ఉబ్బుతూనే ఉంటుంది. పశ్చిమ ప్రకాశంలో ఈశాన్య రుతుపవనం వానలు కూడా చూశాక గానీ కొత్త పునాది సంగతి తేలదు. గోడ పూతా సున్నమూ అప్పటిదాకా ఆపి, కార్తీకం చివర్లోనో మార్గశిరంలోనో పాలు పొంగించుకోవడం శాస్త్రానికీ సమ్మతమే, మేస్త్రీకీ సమ్మతమే.